అంగుళం ఎత్తు

మెషిన్ రూము పదకొండో అంతస్తు మీద.
ఆ రోజు హూడిలో కరెంటు లేదు, జనరేటరులో డీజిలు లేదు,
లిఫ్టు బాగుచేసేవాడు మెట్లెక్కాల్సి వచ్చింది.
ఆరో అంతస్తులో కూలబడ్డాను.
సంచులు రెండూ తనే మోస్తున్న శివలింగు
"రిపేరుకొచ్చింది లిఫ్టా, నువ్వా అన్నా?" అన్నాడు.
నవ్వడానికి ఊపిరి మిగల్లేదు.

పద్దెనిమిదేళ్లుగా తీగతాళ్లు చూస్తున్నవాణ్ణి.
ఎనిమిది పేటలు, పేటకు పంతొమ్మిది తీగలు,
ఎక్కడ పోగు తెగిందో పాత గుడ్డతో తడిమి చెప్పేస్తాను.
అయినా అవెన్యూ రోడ్డు సందులో ఆటసామాన్ల కొట్టు ముందు
ఏ తాడు అడగాలో తెలియక నిలబడ్డాను.

నూలుతాడు తీశాడు, గులాబిరంగు పిడులతో.
పూసలతాడు తీశాడు, బరువు, టపటపమని మోత.
చివర్న ఒక సన్నటి తీగ,
లోపల ఉక్కు, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు.
మా చుట్టమే. ముఖం చూస్తే తెలిసింది.
పిడి చెవి దగ్గర పెట్టుకుని తీగ తిప్పాను.
మొదటిది ఇసుక నమిలింది.
రెండోది నిక్కినిక్కి తిరిగింది.
మూడోది ఏమీ అనలేదు.
బేరింగు మంచిదైతే ఏమీ అనదు.
ఆరువందల యాభై అన్నాడు.
అయిదువందల ఇరవై దగ్గర ఆగేసరికి
ఇద్దరికీ చెమట పట్టింది.

నడుమ తొక్కి నిలబడి పిడులు పైకి లాగాను.
చెవులదాకా వచ్చాయి.
"చంకలదాకా చాలు, కోసెయ్యనా?" చేతిలో కట్టరు.
వద్దన్నాను.
పొడుగైతే మడవొచ్చు, కోసింది అతకదు,
మా పనిలో మొదట నేర్పేది అదే.
ఇంట్లో మర వదులుచేసి, ఇంతింతగా లోపలికి లాగి,
నాలుగు రాత్రుల్లో నా కొలతకు తెచ్చాను.

ఆ నాలుగు రాత్రులూ పిక్కల మీద వాతలు.
వేగానికి పుట్టిన తాడు ఒక్క తప్పూ ఊరికే పోనివ్వదు.
కొబ్బరినూనె రాస్తూ గంగరత్న అడిగింది,
"యాడ తన్నులు తినొచ్చినావు?"

మహదేవపురలో మేము కింద,
ఇల్లుగలామె కెంపమ్మ మీద, ఆమె నెత్తిన డాబా.
నీళ్లట్యాంకు పక్కన గోనెపట్టా పరుచుకుని
మూరెడెత్తు ఎగిరేవాణ్ణి,
బావిలో చేద తోడినట్టు భుజాలతో తిప్పేవాణ్ణి,
ఇరవైకే గుండె గొంతులోకి వచ్చేది.
కెంపమ్మ మొదట చీపురుకర్రతో సీలింగు పొడిచింది.
తర్వాత జుట్టు ముడేసుకుంటూ తనే పైకొచ్చింది.
ఆమెది కోలారు తెలుగు:
"ఎగిరితే ఎగురప్పా.
దిగేది మాత్రం నాకు వినపడగూడదు."

అట్లా నేర్చుకున్నాను.
మడమ ఆననివ్వకుండా, మునివేళ్ల మీద,
మోకాళ్లు కాస్త సడలించి,
తాడు దూరిపోయేంత, అంతే, అంగుళం.
మోచేతులు పక్కటెముకలకు,
మణికట్టు స్క్రూ బిగించినంత.
అర నిమిషం ఎగరడం,
అర నిమిషం నిలబడి విమానాల లైట్లు చూడడం.
నేర్పినందుకు ఎవరికీ ఫీజు కట్టలేదు,
అద్దెలోనే వచ్చింది.

లిఫ్టుకు ఎదురుబరువు ఒకటి ఉంటుంది.
పెట్టె పైకి పోతుంటే అది కిందికి పోతుంది,
ఎవరికీ కనపడకుండా, చీకటిగోడ వెంట.
మోటారు మోసేది కొంతే, మిగతాది అదే మోస్తుంది.
నాకది పెట్టలేదు.
ఎనభైమూడు కిలోలూ నేనే ఎత్తాలి, నేనే దించాలి.
పగలంతా ఊరిజనాన్ని పైకెత్తే తాళ్లకు నూనె పెట్టొచ్చి,
రాత్రి తొమ్మిదిన్నరకు
నన్ను నేను అంగుళం.
మళ్లీ అంగుళం.

తీగ కనపడడం మానేసింది,
గాలి చిరిగే చప్పుడొక్కటే చుట్టూ.
నిన్న అరవైదాకా పోయింది.
పేర్చి చూస్తే అయిదడుగులు, నా గడ్డందాకా.
అరవై ఒకటికి బొటనవేలికి తగిలి ఆగింది.

కింద నుంచి కెంపమ్మ:
"ఏమప్పా, అరవైకే నిలబెట్టేస్తివి?"

వినపడుతోందన్నమాట,
ఇంకా.